ఎడమచేతి గీత

పేపర్లో నా ఫోటో కింద ‘కుట్రదారు’ అని వేశారు. జైల్లో నా పక్క మంచం వాడు చిన్నచిన్న దొంగతనాల మీద నాలుగోసారి లోపలికి వచ్చినవాడు. ఆ పేపరు చదివి, నన్ను ఎగాదిగా చూసి, “నీ మొహానికి అంత పెద్ద మాటెందుకయ్యా? కుట్ర చెయ్యాలంటే బుర్రుండాలి కదా” అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. వాడి మీదికి లేచాను కూడా. ఇప్పుడు ఆలోచిస్తే నా కేసులో నిజం పలికిన మొదటి మనిషి వాడే.

నేను సైకిల్ మెకానిక్‌ని. మామూలు సైకిళ్ళు కాదు, పందెం సైకిళ్ళు. వాటికి బ్రేకులుండవు, గేర్లుండవు, రెండు వేళ్ళతో ఎత్తి పక్కన పెట్టొచ్చు. మా ఊళ్ళో చుట్టూ వాలుగోడలతో కట్టిన ట్రాక్ ఒకటుంది. దాన్ని వాడుకునే క్లబ్బులు రెండు. తూర్పు గేటు మాది, పడమటి గేటు వాళ్ళది. సైకిళ్ళు పెట్టుకునే గది మాత్రం రెండు క్లబ్బులకీ కలిపి ఒకటే. అందులోనూ నేల మీద సున్నంతో గీత గీసుకుని, మా పంపు అటు పోకుండా వాళ్ళ గుడ్డ ఇటు రాకుండా కాపలా కాసుకునేవాళ్ళం. చిన్నపిల్లలు నయం.

మా చెల్లి తూర్పు గేటు తరఫున తొక్కేది. పొడుగు కాళ్ళు, మొండితనం, ఎవరైనా ‘ఆగు’ అంటే ఇంకాస్త ముందుకు పోయే బుద్ధి. ట్రాక్ దగ్గర అందరూ దాన్ని ‘గుర్రం’ అనేవాళ్ళు. పడమటి గేటు అమ్మాయిని ‘పిచ్చుక’ అనేవాళ్ళు. నిజంగా పిడికెడంత మనిషి. కానీ చివరి మలుపులో సీటు మీంచి లేచిందంటే కళ్ళకి ఆనేది కాదు. ఇద్దరికీ ఇరవయ్యొకటే. మూడేళ్ళుగా ప్రతి ఫైనల్లోనూ వీళ్ళిద్దరే. ఒకసారి ఇది గెలిస్తే ఒకసారి అది. ఆ ఏడు జాతీయ జట్టులో ఆడపిల్లల స్ప్రింటుకి ఉన్న చోటు ఒక్కటే, అది ఈ ఫైనల్లో గెలిచినవాళ్ళకి.

స్ప్రింట్ అంటే మీరు అనుకునేది కాదు. ఇద్దరే తొక్కుతారు, మూడు చుట్లు. మొదటి రెండు చుట్లూ నత్తనడకే, ఒకరినొకరు ఓరగా చూసుకుంటూ, నువ్వు ముందు పో అంటే నువ్వు ముందు పో అన్నట్టు. అసలు పందెం ఆఖరి రెండు వందల మీటర్లే. అప్పుడు ప్రాణం పెట్టి లాగుతారు. కాళ్ళు తొక్కుతుంటే చేతులు హ్యాండిల్‌ని ఊడబెరుకుతున్నంత పనిచేస్తాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి, ఎందుకంటే కోర్టులో నేను ఇది తెలియనట్టు నటించాను.

పడమటి గేటు మెకానిక్ నా గురువు. పన్నెండేళ్ళప్పుడు ఆయన దగ్గర చేరాను, చెల్లి తొక్కడం మొదలెట్టాక తూర్పు గేటుకి మారాను. నాది ఎడమచేతివాటం. “మీ అమ్మ నిన్ను అద్దంలో చూసుకుంటూ కన్నట్టుందిరా” అని వెక్కిరించేవారు గానీ, చెయ్యి మార్చుకోమని ఒక్కరోజు కూడా అనలేదు. ఆయన నేర్పిన పద్ధతి ఒకటుంది. ఏ బోల్టు బిగించినా, పానా కింద పెట్టకముందే, సన్నటి కుంచెతో పసుపు రంగు ముంచి, బోల్టు తల మీంచి పక్క ఇనుము మీదికి ఒక గీత గియ్యాలి. బోల్టు ఏమాత్రం తిరిగినా గీత విరిగి రెండు ముక్కలుగా కనిపిస్తుంది. పందెం ముందు నలభై బోల్టులకి పానా పెట్టి చూసే తీరిక ఎవరికుంటుంది? గీతలు చూసుకుంటూ పోతే చాలు. గీత తిన్నగా ఉంటే బోల్టు గట్టిగా ఉన్నట్టు. ఇరవై ఏళ్ళు ఆ చేత్తో ఆ పనే చేశాను. తరవాత తరవాత భోజనం దగ్గర కూజా మూత బిగించినా చెయ్యి కుంచె కోసం వెతికేది. అమ్మ నవ్వేది.

ఇక మా కోచ్. మెడలో ఎప్పుడూ ఈల వేలాడేది, అందుకని ‘విజిల్’ అనేవాళ్ళం. ఆయన నన్ను ‘తమ్ముడూ’ అని పిలిచేవాడు. ఆ పిలుపుకి నేను పొంగిపోయేవాణ్ణి. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఫైనల్‌కి వారం ముందు విజిల్ నన్ను మెట్ల కిందికి పిలిచాడు. మొహం వేలాడేసుకుని ఉన్నాడు.

“తమ్ముడూ, నీ దగ్గర దాచడమెందుకు? ఈసారి పిచ్చుకదే. మీ చెల్లి పనైపోయింది.”

“అదేంటన్నా, నిన్న కూడా బాగానే తొక్కింది కదా?”

“బాగా తొక్కడం వేరు, గెలవడం వేరు. పిచ్చుక టైములు నా దగ్గరున్నాయి. చూస్తే నీకు అన్నం సహించదు. ఈసారి పోయిందంటే మళ్ళీ ఎంపిక రెండేళ్ళకి. రెండేళ్ళ తరవాత దీన్నెవడు పట్టించుకుంటాడు?”

నాన్న పోయాక దాన్ని పెంచింది నేనే. దాని మొదటి సైకిల్ తుక్కు సామాన్లతో నేనే కట్టాను. పని నుంచి వచ్చి, అది నిద్రపోయాక దాని బూట్లు నేనే తుడిచేవాణ్ణి. అలాంటిది ఓడిపోతుందంటే తట్టుకోలేకపోయాను. విజిల్ నాలుగు రోజులు నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరు పెట్టాడు. అయిదో రోజు అసలు మాట చెప్పాడు.

“హ్యాండిల్ కాస్త జారేలా చెయ్యి. మొదట్లోనే జారుతుంది, కాలు కింద పెట్టి ఆగిపోతుంది. దెబ్బ తగలదు, రక్తం రాదు. గది తాళం ఆ రోజు నా దగ్గరే ఉంటుంది. మధ్యాహ్నం అందరూ భోజనాలకి పోతారు, పావుగంట చాలు.”

మొదట్లో జారుతుందట! మొదటి రెండు చుట్లూ నత్తనడక నడిచే పందెంలో హ్యాండిల్ మీద బలం ఎక్కడ పడుతుంది? చివర్లో పడుతుంది, గంటకి అరవై కిలోమీటర్ల వేగంలో. ఈ సంగతి విజిల్‌కి తెలుసు. నాకూ తెలుసు. ఇద్దరం తెలిసే ఒకరికొకరం చెవిలో పువ్వులు పెట్టుకున్నాం. కోర్టులో జడ్జిగారికి మాత్రం ‘మొదట్లోనే ఆగిపోతుందనుకున్నానండీ’ అని నీళ్ళు నమిలాను. ఆయన కాస్త మెత్తబడ్డాడు కూడా. ఆ అబద్ధానికి నాకు రెండేళ్ళు తగ్గాయి.

ఫైనల్ రోజు మధ్యాహ్నం గదిలో నేనొక్కణ్ణే. రేకుల కప్పు మీద ఎండ. తలుపు పక్కన చెమట బట్టల వాసన. సున్నం గీత దాటాను. పిచ్చుక సైకిల్ గోడకి వేలాడుతోంది. దాని హ్యాండిల్‌ని పట్టి ఉంచే బోల్టు ముప్పావు చుట్టు వదులు చేశాను. గురువుగారి పసుపు గీత విరిగి రెండు ముక్కలైంది. పానా కింద పెట్టబోయాను.

పెట్టలేదు. గుడ్డతో పాత గీత తుడిచేసి, కుంచె తీసి, కొత్త గీత గీశాను. నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు, అది నేను ఆలోచించి చేసిన పని కాదు. చెయ్యి చేసింది. అది గియ్యకపోయి ఉంటే, పందెం ముందు గురువుగారు విరిగిన గీత చూసేవారు, తిట్టుకుంటూ బిగించేవారు, ఈ కథే ఉండేది కాదు. ఒక బోల్టుని వదులు చేసి దాని మీద ‘ఇది గట్టిగా ఉంది’ అని సంతకం పెట్టి వచ్చాను. ఇరవై ఏళ్ళ పనితనం అందుకు పనికొచ్చింది.

నాలుగు గంటలకి పందెం. రెండు చుట్లు ఏమీ కాలేదు. నేను ట్రాక్ అంచు కమ్మీలు పట్టుకుని నిలబడి, జారవే జారవే అనుకున్నాను, ఇప్పుడే జారి ఆగిపోవే తల్లీ అనుకున్నాను. ఆఖరి మలుపులో ఇద్దరూ పక్కపక్కనే ఉన్నారు. పిచ్చుక సీటు మీంచి లేచింది. హ్యాండిల్ దాని చేతుల్లోకి వచ్చేసింది. చక్రం అడ్డం తిరిగింది. పిచ్చుక వాలుగోడ పైనుంచి కిందిదాకా దొర్లుకుంటూ వచ్చింది.

మా చెల్లి అదే ఊపులో గీత దాటి చెయ్యెత్తింది. జనం అరుపుల్లో దానికేమీ వినపడలేదు. బ్రేకుల్లేని సైకిలు, వెనక్కి తిరిగి చూడ్డానికి ఇంకో వంద మీటర్లు పట్టింది. ఆ వంద మీటర్లలో ఒక ఫోటోగ్రాఫర్ దాని బొమ్మ తీశాడు. ముందు చెయ్యెత్తి నవ్వుతున్న మా చెల్లి, వెనక నేల మీద కాలు వెనక్కి మడతపడిపోయిన పిచ్చుక. మర్నాడు లోకమంతా ఆ బొమ్మ చూసింది. చూసినవాళ్ళు ఒక్కళ్ళు కూడా దానికి తెలీదంటే నమ్మలేదు.

పిచ్చుక తుంటి ఎముక మూడు ముక్కలైంది. గురువుగారు ఆ సైకిల్‌ని ఒళ్ళో పెట్టుకుని అక్కడే నేల మీద కూర్చున్నారట. బోల్టు చూశారు, గీత చూశారు. గీత మొదలైన చోట రంగు మందంగా, వదిలిన చోట పలచగా ఉంటుంది. కుడిచేతివాళ్ళు గీసినదానికి మందం ఒక వైపుంటే, నేను గీసినదానికి రెండో వైపుంటుంది. పోలీసులతో ఒక్క మాటే అన్నారట, “ఇది మావాడి చెయ్యి” అని. ఆ రోజు తరవాత ఆయన పానా పట్టుకోలేదు. గీత చూసి వదిలేసినవాణ్ణి నేనే కదా అని కుమిలిపోయి, నేను జైల్లో ఉండగానే కన్నుమూశారు. చివరిచూపు కూడా దక్కలేదు నాకు. దక్కాలని అడిగే మొహం కూడా లేదు.

అరెస్టయిన మూడో రోజు విజిల్ నన్ను చూడ్డానికి వచ్చాడు. మధ్యలో అద్దం. ఫోన్ చెవికి పెట్టుకుని, మంచి మాట చెప్తున్నట్టు మెల్లగా చెప్పాడు.

“నా పేరు చెప్పావనుకో, ఇది క్లబ్బు చేసిన కుట్ర అవుతుంది. మీ చెల్లి జన్మలో ట్రాక్ ఎక్కదు. నువ్వొక్కడివే చేశావంటే, పిచ్చి అన్నయ్య, ప్రేమ కొద్దీ చేశాడంటారు. చెల్లికి మహా అయితే ఒక ఏడాది నిషేధం. ఆ తరవాత నేను చూసుకుంటా. నా మాట మీద నమ్మకం లేదా తమ్ముడూ?”

ఉంది. నోరు కట్టేసుకున్నాను. తాళం దొంగిలించానన్నాను, ఒక్కణ్ణే చేశానన్నాను. నాలుగేళ్ళు పడింది. అటు సైకిల్ సంఘం వాళ్ళు విజిల్‌ని పిలిచి, చెల్లికి తెలుసా అని అడిగితే ఆ మహానుభావుడు ఏమన్నాడో తెలుసా? “అన్నాచెల్లెళ్ళ మధ్య ఇంట్లో ఏం మాటలు జరిగాయో నాకెలా తెలుస్తుందండీ?” అన్నాడట. అంతే. ఆ ఒక్క ముక్కతో చేతులు కడుక్కున్నాడు. మా చెల్లి మీద తిరిగి చెప్పేదాకా నిషేధం వేశారు. విజిల్ మాత్రం రెండేళ్ళు తిరక్కుండా సంఘంలో శిక్షణాధికారి అయి కూర్చున్నాడు. జైల్లో ఆ వార్త చదివిన రోజు పళ్ళు కొరుక్కుంటే ఒక పన్ను మూల విరిగింది. ఇప్పటికీ చల్లనీళ్ళు తాగితే జివ్వుమంటుంది.

బయటికొచ్చి రెండేళ్ళయింది. నన్ను ఏ ట్రాక్ లోపలికీ రానివ్వరు. ఇప్పుడు ఇంటింటికీ పొట్లాలు చేరేసే ఒక కంపెనీ షెడ్డులో చేస్తున్నాను. మడ్డి పట్టిన గొలుసులు, వంగిన రేకులు, సీటు మీద కూర్చోవడం కూడా చేతకాని మనుషులు. చెల్లి ఒక పెద్ద హోటల్ బట్టలు ఉతికే చోట దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. రోజూ తెల్లారి వెనక గదిలో రోలర్ల మీద సైకిల్ పెట్టుకుని గంటన్నర తొక్కుతుంది. ఆరేళ్ళలో ఒక్కరోజు మానలేదని అమ్మ చెప్పింది. సైకిల్ ఉన్నచోటే ఉంటుంది, చక్రాలు మాత్రం గిర్రున తిరుగుతాయి. ఆ చప్పుడు వింటూ మంచం మీద పడుకుని నేను విజిల్‌ని రోజుకొక రకంగా చంపేవాణ్ణి.

నాతో అది కావలసినంతే మాట్లాడేది. ‘ఉప్పు ఇటివ్వన్నయ్యా’, ‘గ్యాసయిపోయింది’, అంతే. నాకు లోపల్లోపల కష్టంగా ఉండేది. నీకోసమే కదా చేశాను, నీకోసమే కదా నోరు మూసుకున్నాను, ఒక్క మంచి మాట లేదా అని. ఒకసారి ఉండబట్టలేక అమ్మతో అన్నాను.

“దానికోసం జైలుకెళ్ళానమ్మా.”

అమ్మ గిన్నె తోముతూ, “దానికోసమేనా?” అంది. నేను విసురుగా లేచి బయటికెళ్ళిపోయాను.

పోయిన నెల సంఘంలో పాతవాళ్ళు పోయి కొత్తవాళ్ళు వచ్చారు. చెల్లి కేసు మళ్ళీ వింటామని ఉత్తరం వచ్చింది. జట్టు ఎంపికకి నాలుగు నెలలుంది. దానికి ఇరవై ఏడు నిండాయి. ఇప్పుడు తలుపు తెరవకపోతే ఇంకెప్పుడు తెరిచినా ఒకటే. నన్ను సాక్షిగా పిలిచారు. ముందురోజు అది నా దగ్గరికొచ్చి నిలబడింది.

“రేపు నాకోసం ఏమీ చెయ్యకన్నయ్యా. జరిగింది చెప్పు. అంతే చాలు.”

“నీకేం తెలీదని చెప్తా. మళ్ళీ వెయ్యిసార్లైనా చెప్తా.”

“జరిగింది చెప్పమన్నాను” అని వెళ్ళిపోయింది.

విచారణ సంఘం ఆఫీసు మేడ మీద. పొడుగు బల్ల, ప్లాస్టిక్ కుర్చీలు, గోడల నిండా కప్పులు పట్టుకుని నవ్వే వాళ్ళ ఫోటోలు. మా చెల్లి ఫోటో ఉన్న చోట మేకు మాత్రం ఉంది. బల్ల వెనక ముగ్గురు. మధ్యలో ఉన్నావిడ రిటైరైన స్కూలు ప్రిన్సిపాలట. కళ్ళజోడు పైనుంచి ఆవిడ చూస్తే నాకు తెలీకుండానే చొక్కా సరిచేసుకున్నాను. ఒక మూల పిచ్చుక కూర్చుని ఉంది. చేతికర్ర కుర్చీకి ఆనించి ఉంది. నేను ఆ వైపు చూడలేకపోయాను. ఆమె మాత్రం నన్నే చూస్తోందని ఒళ్ళంతా తెలుస్తోంది.

నన్ను పిలవడానికి ముందు వసారాలో నీళ్ళు తాగుతుంటే భుజం మీద చెయ్యి పడింది. విజిల్. జుట్టుకి రంగేశాడు, పొట్ట వచ్చింది, మెడలో ఈల బదులు ఆఫీసు కార్డు వేలాడుతోంది.

“ఎలా ఉన్నావు తమ్ముడూ? చూడు, పాత మాటే చెప్పు. నువ్వొక్కడివే చేశావు, చెల్లికి తెలీదు. లోపల నేను కూడా మంచి ముక్క చెప్తా. ఈసారి దాని పని అయిపోతుంది.”

ఆరేళ్ళ కింద కూడా ‘పని అయిపోయింది’ అనే మాటే అన్నాడు. భుజం మీది చేతిని తీసి పక్కన పెట్టాను. అక్కడే గొంతు పిసికేసేవాణ్ణే. పేరు పిలిచారు.

లోపల అంతా చెప్పాను. మెట్ల కింద మాటలు, తాళం, పావుగంట, జైల్లో అద్దం వెనక మాటలు, ఏదీ వదల్లేదు. మొదట్లో ఆగిపోతుందనుకున్నానని కోర్టులో చెప్పింది అబద్ధమని కూడా చెప్పాను. ఆ ముక్క చెప్తున్నప్పుడు మూలనుంచి కుర్చీ కదిలిన చప్పుడైంది.

ప్రిన్సిపాలుగారు విజిల్‌ని లోపలికి పిలిపించారు. నేను చెప్పిందంతా ఆయనకి వినిపించారు. ఆయన మొహంలో ఒక్క రేఖ కదల్లేదు. జాలిగా నవ్వాడు.

“జైలుకెళ్ళి వచ్చినవాడి మాటండీ ఇది. నాకేం అవసరం చెప్పండి? ఆ వారం మా అమ్మాయే వేగంగా ఉంది. నా కళ్ళతో నేను చూసి, నా చేత్తో రాసుకున్న టైములు. గెలిచే పందేన్ని ఎవడన్నా చెడగొట్టుకుంటాడా?”

సంచీలోంచి పాత నోటుపుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. ముందే సిద్ధం చేసుకుని వచ్చాడన్నమాట. ప్రిన్సిపాలుగారు పేజీలు తిప్పి పైకి చదివారు. ఫైనల్‌కి ముందు ఆరు రోజులు. రెండు వందల మీటర్లు. ఆరు రోజులూ మా చెల్లే ముందు. సెకనులో అయిదో వంతు తేడా. మీకది లెక్కలోకి రాకపోవచ్చు. మా పందెంలో అది రెండు సైకిళ్ళ పొడవు.

పిచ్చుకదే గెలుపన్నాడు కదా? చూస్తే అన్నం సహించదన్నాడు కదా? నేను చెల్లి వైపు చూశాను. అది తల దించుకుని తన చేతులు చూసుకుంటోంది. దాని మొహంలో ఆశ్చర్యం లేదు.

ప్రిన్సిపాలుగారు కళ్ళజోడు తీశారు.

“ఈ పుస్తకం ఆరేళ్ళ నుంచి మీ దగ్గరే ఉందా?”

“ఉందండీ. భద్రంగా దాచాను.”

“గెలిచే పిల్లకి కుట్ర చెయ్యాల్సిన అవసరం లేదని ఇప్పుడు మీరే అన్నారు. అప్పట్లో ఈ పుస్తకం చూపించి ఉంటే ఆ పిల్ల మీద నిషేధమే పడేది కాదు. ఎందుకు చూపించలేదు?”

విజిల్ నోరు తెరిచాడు. “అప్పుడు ఎవరూ అడగలేదండీ” అన్నాడు.

“ఇప్పుడు కూడా ఎవరూ అడగలేదు. మీ మీదికి వచ్చేసరికి తీశారు.”

విజిల్ నోటుపుస్తకం మళ్ళీ సంచీలో పెట్టుకోబోయాడు. ఈ క్షణం కోసం నేను ఆరేళ్ళు కాచుకున్నాను. ఆయన మొహం పాలిపోవడం చూస్తూ కడుపు నిండా సంతోషిద్దామనుకున్నాను. కానీ నా బుర్రలో సెకనులో అయిదో వంతే తిరుగుతోంది. గెలుస్తుందని తెలిసి కూడా ఎందుకు చేయించాడు? ఎందుకంటే గెలుస్తుందేమో అన్న మాట ఆయనకి చాలదు. వేగంగా ఉన్నవాళ్ళు కూడా ఎదుటివాళ్ళ ఎత్తుకి దెబ్బ తిని ఓడిపోయే పందెం అది. అంత మాత్రం అనుమానం కూడా లేకుండా కావాలి ఆయనకి. దానికి చవకగా దొరికిన గాడిదని నేను.

చివరికి ప్రిన్సిపాలుగారు పిచ్చుకని అడిగారు, ఈ అమ్మాయి మళ్ళీ పోటీల్లోకి రావడానికి మీకేమైనా అభ్యంతరమా అని. పిచ్చుక కర్ర పట్టుకుని లేచింది. లేవడానికి సమయం పట్టింది. నేను సాయం చెయ్యబోయినట్టు కదిలాను కాబోలు, ఒక్క చూపు చూసింది, మళ్ళీ కూలబడ్డాను.

“నాకు అభ్యంతరం లేదండీ. తను తొక్కాలి. కానీ ఇందాకట్నించీ అందరూ తనే గెలిచేదని అంటున్నారు. నాకది ఎక్కట్లేదు. టైములో తను ముందుంటే ఉండొచ్చు. మూడేళ్ళలో అలాంటప్పుడే నేను తనని రెండుసార్లు ఓడించాను. ఆ రోజు నా దగ్గర ఒక ఎత్తుంది. పారేదో లేదో నాకూ తెలీదు.” నా వైపు వేలు చూపించింది. “నా కాలు పోయింది సరే. ఆ పందెం కూడా పోయింది. అది నాది, తనది. మా ఇద్దరిదీ. దాన్ని ఇతను ఎత్తుకుపోయాడు. ఇప్పుడు ఎవరు నిర్దోషులని తేలినా అది మాకు తిరిగి రాదు.”

మా చెల్లి తలెత్తి ఆమె వైపు చూసింది. ఆమె కూడా చూసింది. ఆ చూపులో నాకు చోటు లేదని మాత్రం అర్థమైంది.

గంట తరవాత చెప్పారు. నిషేధం తీసేశారు. విజిల్‌ని పదవిలోంచి తప్పించి, కేసు పోలీసులకి పంపుతున్నామన్నారు. నేను మెట్లు దిగి వీధిలోకి వచ్చి నిలబడ్డాను. నవ్వొస్తోంది. నాలుగు నెలలుంది. పాత చట్రం సరిపోతుంది, చక్రాలు మార్చాలి, గొలుసు కొత్తది వెయ్యాలి. ఇంతలో చెల్లి దిగి వచ్చింది.

“రాత్రికల్లా నీ సైకిల్ మొత్తం విప్పేస్తా” అన్నాను. “ఆ రోలర్ల మీద ఆరేళ్ళు తిరిగి బేరింగులు అరిగిపోయుంటాయి. రేపు సెలవు పెడతా.”

“వద్దన్నయ్యా.”

“వద్దంటే? ఎవరు చేస్తారు?”

“నేనే చేసుకుంటా. ఇన్నాళ్ళూ నేనే చేసుకున్నా.” కోపంగా లేదు. కోపంగా ఉంటే బాగుండేది, నాకు కోపంతో మాట్లాడ్డం వచ్చు. “ఆ వారం రోజూ నా సైకిల్ తుడిచావు. నా బూట్లు తుడిచావు. ఒక్కరోజన్నా, ఎంతలో తొక్కావే అని అడిగావా?”

నేను అడగలేదు. విజిల్ మాట విన్నాను.

“అడిగుంటే చెప్పేదాన్ని. సంతోషంగా చెప్పేదాన్ని. ఎవరితో చెప్పుకోవాలో తెలీక అమ్మతో చెప్పాను. అమ్మకి సెకన్లంటే ఏం తెలుసు?”

“నీకోసమే కదే చేసింది...”

“కాదు. నేను ఓడిపోతాననుకునే కదా చేశావు?”

వీధిలో జనం మమ్మల్ని తప్పుకుని పోతున్నారు. జడ్జి ముందు అబద్ధమాడాను, పోలీసుల ముందు ఆడాను, ఆరేళ్ళు నా ముందు నేనే ఆడుకున్నాను. దాని ముందు నాలుక తిరగలేదు.

“అవును” అన్నాను.

అది తలూపింది. చాలా రోజుల నుంచి తెలిసిన సంగతే అయినట్టు ఊపింది. తరవాత వెనక్కి తిరిగి, మేడ మెట్ల మీద కర్ర ఊనుకుంటూ ఒక్కో మెట్టే దిగుతున్న పిచ్చుక దగ్గరికి వెళ్ళి, పక్కన నడుస్తూ, ఆ ఎత్తేమిటో చెప్పమని అడిగింది.